మల్లుగుడ్డ మీద నడిచిన మనిషి

"వంకాయ. నీలి రకం. లేతది. కోసి నాలుగు గంటలైంది. అమ్మే మనిషి ముఖంలో స్వల్ప అసహనం" అని భద్రావతి చెవిలో గింజ చెప్పింది.

తొడిమ చూసి వంకాయ లేతదో ముదురుదో చెప్పడం భద్రావతికి తన ఏడో ఏటినుంచీ వచ్చు. అమ్మే మనిషికి అసహనం ఎందుకో కూడా తెలుసు. ఆమె పావుగంటగా ఏరుతోంది మరి. అయినా గింజ చెప్పింది. చెప్పకుండా ఊరుకోవడం దానికి చేతకాదు. ఆ ఉదయం పెడన మార్కెట్టులో ఉన్న మూడువందల మంది చెవుల్లోనూ మూడువందల చెవిగింజలు ఇలాగే, కళ్ళముందున్న ప్రతిదానికీ అర్థం చెబుతూ సణుగుతున్నాయి. ఇరవై రెండో శతాబ్దం మొదలై పదకొండేళ్ళు గడిచాయి. కళ్ళు ఇంకా అందరికీ ఉన్నాయి గాని, వాటితో పని తగ్గిపోయింది.

ఆమె పక్కన సంచి పట్టుకుని మార్కండేయులు నిలబడి ఉన్నాడు. ఆమె భర్త. అరవై ఆరేళ్ళవాడు. కలంకారీ అద్దకానికి టేకు చెక్కతో అచ్చులు చెక్కడంలో ఆ ఊళ్ళో ఆయన తరవాతే ఎవరైనా. రెండేళ్ళ కిందట మెదడులో నరం చిట్లి ఆయనకు మాట పోయింది. పోవడమంటే నోరు పడిపోవడం ఒక్కటే కాదు. ఎదుటివాళ్ళ మాట కూడా ఆయనకు మాటలా అందడం మానేసింది. రేకు మీద కంకర పోసిన చప్పుడులా చేరుతుంది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ సంగతి భద్రావతికి తెలుసు, చెవిగింజకు తెలియదు.

రంగులు కాచే పాండురంగం ఎదురుపడ్డాడు. మార్కండేయులుకు చిన్ననాటి స్నేహితుడు. ఒకే బల్ల దగ్గర నలభై ఏళ్ళు పనిచేసినవాళ్ళు. మార్కండేయులు నవ్వాడు. ముఖంలో కుడివైపు సరిగా కదలదు కనక ఆ నవ్వు సగమే వచ్చింది. పాండురంగం ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. గింజ అతనికేం చెప్పిందో భద్రావతి ఊహించనక్కరలేదు. భర్తవైపు చూసినప్పుడల్లా ఆమె చెవిలోనూ అదే ముక్క: "ముఖభావం నిర్ధారణ కాలేదు. కొంత దూరం పాటించడం మంచిది."

"ఒంట్లో ఎలా ఉంటోంది చెల్లెమ్మా, ఆయనకి?" అని పాండురంగం ఆమెను అడిగాడు.

"ఎదురుగానే ఉన్నాడుగా అన్నయ్యా. ఆయన్నే చూడు" అంది భద్రావతి.

"చూస్తే ఏముందమ్మా. ఏమీ చెప్పట్లేదు" అనేసి అతను వెళ్ళిపోయాడు. చెప్పనిది మార్కండేయులు కాదు, గింజ. ఆ తేడా పాండురంగానికే తట్టకపోతే ఇక ఊళ్ళో ఎవరికి తడుతుంది? భద్రావతికి ఒళ్ళు మండిపోయింది. వంకాయలు తీసుకోకుండానే భర్త చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

న్యాయంగా చెప్పాలంటే చెవిగింజ చెడ్డ బుద్ధితో పుట్టినది కాదు. కళ్ళు లేనివాళ్ళకు ఎదుటనున్నది ఏమిటో చెప్పడానికి పుట్టింది. అక్కడితో ఆగితే దండం పెట్టవలసిన వస్తువే. కళ్ళున్నవాళ్ళు కూడా సరదాకి పెట్టుకున్నారు, తరవాత అలవాటుకి పెట్టుకున్నారు. ఇంతలో ఏదో పట్టణంలో గోడ మీద ఒక బొమ్మ వెలిసింది. బొమ్మ ఒకటి, చూసినవాళ్ళు వెయ్యిమంది, తీసిన అర్థాలు రెండు, పగిలిన తలకాయలు నలభై. దాంతో భావ నిర్ణయ మండలి ఏర్పడింది. నలుగురు చూసే ప్రతి బొమ్మకూ ఒకే ఒక్క అర్థం ఉండాలని, దాన్ని మండలివారి యంత్రం అర్థవాణి నిర్ణయించాలని, ఆ అర్థముద్ర పడని బొమ్మను పదిమందికి చూపించడం నేరమని చట్టం వచ్చింది. ఇళ్ళల్లో గోడలకు ఉండే బొమ్మపలకలన్నీ తమ బొమ్మలకు తామే అర్థం చదువుతాయి. వాటి నోరు మూయించే మీట ఎక్కడా లేదు. చట్టం చేసినవాళ్ళు కళ్ళు లేనివాళ్ళను తలుచుకున్నారు, తలలు పగలగొట్టుకునేవాళ్ళను తలుచుకున్నారు. మాటే అందనివాడు ఒకడుంటాడని ఎవరికీ తోచలేదు.

మార్కండేయులు పలకకు వీపు పెట్టి కూర్చునేవాడు. లోకంలో ప్రతి బొమ్మా ఆయన నెత్తిన కంకర పోసేదే.

ఒక రోజు భద్రావతి బల్ల మీద అద్దిన గుడ్డను గబగబా లాగుతోంది. గుడ్డ నిండా చిలకల అచ్చు, వరసగా. తొందరలో ఒక్కో చిలక కాస్త పైకీ కిందికీ పడింది. గుడ్డ జరజరా జారుతుంటే చిలక గంతులేసినట్టు కనిపించింది. పక్కనే కూర్చున్న మార్కండేయులు పగలబడి నవ్వాడు. ఆయనకు మాట పోయిన ఎనిమిది నెలల తరవాత ఆ ఇంట్లో అది మొదటి నవ్వు. భద్రావతి ఆ గుడ్డను వెనక్కి చుట్టి మళ్ళీ లాగింది. ఆయన మళ్ళీ నవ్వాడు. ఆమె ఏడ్చేసింది, ఏడుస్తూనే మూడోసారి లాగింది.

అప్పుడే ఆమె నిర్ణయించుకుంది. మాట లేని బొమ్మల ఆట ఒకటి తయారుచెయ్యాలి. దాన్ని ఆయన ఒక్కడికే చూపించడం కాదు, ఊరినంతా ఆయన పక్కన కూర్చోబెట్టి చూపించాలి. ఈయన మతిపోయినవాడు కాదని, మీకంటే ముందే నవ్వగలడని, మీకంటే ముందే కళ్ళనీళ్ళు పెట్టుకోగలడని వాళ్ళు కళ్ళారా చూడాలి. అంతకుమించి ఆమెకు మరో కోరిక లేదు.

పలకతో పని లేకుండా ఆమె దారి ఆమె వెతుక్కుంది. అద్దకం షెడ్డు తలుపులు మూస్తే లోపల చీకటి. కిటికీ చెక్కకు అరచెయ్యంత కంత, బయట ఎండను లోపలికి తోసే నిలువుటద్దం, కంతముందు పిడి తిప్పితే ఆగి ఆగి కదిలే చెక్క చట్రం, దానికి ముందు ఒక పాత భూతద్దం. నూనె పట్టించిన పలచటి మల్లుగుడ్డ ఆ చట్రంలోంచి నడిస్తే దాని మీది బొమ్మ ఎదుటి గోడ మీద కదులుతుంది. మల్లుగుడ్డ బెత్తెడు వెడల్పు, నూట యాభై మీటర్ల పొడుగు. పధ్నాలుగు వందల బొమ్మలు. ఎనిమిది నెలలు పట్టింది. మనిషి అచ్చులు ఆమే చెక్కింది, ఆయన ఉలులతో. ఆ వంకర చెక్కుడు చూసి మార్కండేయులు తల పట్టుకునేవాడు.

కథ చిన్నది. అద్దకం బల్లకు అటూ ఇటూ ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. మగమనిషి నోరు తెరిస్తే చాలు, చిలకలు బిలబిలా బయటికి వస్తాయి. బల్ల మీద వాలతాయి, ఆడమనిషి కొప్పు పీకుతాయి, రంగు పెట్టెలో కాళ్ళు ముంచి గుడ్డంతా తొక్కుతాయి. ఆమె చీపురు తీసుకుని వాటిని తరుముతుంది. అవి ఆయన నోట్లోకే పోయి దాక్కుంటాయి. మార్కండేయులు ఒకప్పుడు ఎంతటి వాగుడుకాయో ఎరిగినవాళ్ళకు ఇందులో వివరించవలసింది ఏమీ లేదు. ఒకనాడు చిలకలన్నీ ఒక్కసారి లేచి ఎగిరిపోతాయి. మనిషి నోరు తెరుస్తాడు, ఒక్క చిలకా రాదు. మళ్ళీ తెరుస్తాడు. ఆ తరవాత బల్ల వదిలి, ఎడమవైపుకి తిరిగి, మెల్లగా నడిచి పోతుంటాడు.

ఆ నడకలో భద్రావతి ఒక పని చేసింది. అద్దకంలో ప్రతిసారీ అచ్చును రంగులో ముంచి కొట్టాలి. ఒకసారి ముంచి నాలుగుసార్లు కొడితే బొమ్మ వెలిసిపోతుంది. అలా కొట్టినవాణ్ణి మేస్త్రీ తిట్టి పంపేస్తాడు. ఆమె కావాలనే ముంచలేదు. నడుస్తున్న మనిషి అడుగు అడుక్కీ పాలిపోతూ, చివరికి గుడ్డ రంగులో కలిసిపోయేలా ఉంటాడు. బల్ల దగ్గర ఆడమనిషి ఒక్కతే మిగులుతుంది.

మొదటిసారి భర్తకు వేసి చూపించింది. చిలకల దగ్గర ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నడక దగ్గరికి వచ్చేసరికి కదలకుండా చూశాడు. అయిపోయాక ఆమె బల్లవైపు చూసింది. అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో రెండు గుద్దులు గుద్దడం అద్దకం పద్ధతి. మార్కండేయులుకు ఏ పని కుదిరినా, ఆఖరికి పప్పులో ఉప్పు కుదిరినా, దగ్గరున్న బల్ల మీద రెండు గుద్దులు గుద్దే అలవాటు ఉండేది. మాటతోపాటు అదీ పోయింది. ఈసారైనా వినిపిస్తుందేమోనని ఆశపడింది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఉలి పట్టుకున్నాడు. కుడిచెయ్యి సరిగా పనిచెయ్యదు, ఎడమచేత్తో మొదలుపెట్టాడు. రెండు నెలల్లో ఐదు అచ్చులు చెక్కాడు. నడిచే మనిషి, ఐదు అడుగులు. ఎడమచేతి చెక్కుడైనా ఆ పనితనమే వేరు. పంచె మడత కూడా కదులుతుంది. భద్రావతి గుండె ఉప్పొంగి, వెంటనే లేతరంగులో ముంచి ఐదింటినీ మల్లు ముక్క మీద కొట్టింది. ఎత్తి చూస్తే మనిషి ఎడమవైపుకి కాదు, కుడివైపుకి నడుస్తున్నాడు.

అచ్చు చెక్కేవాడు నేర్చుకునే మొదటి పాఠం, చెక్క మీద అంతా తిరగేసి చెక్కాలని. కుడికి చూసే చిలక కావాలంటే ఎడమకి చూసే చిలకను చెక్కాలి. నలభై ఐదేళ్ళు కళ్ళు మూసుకుని ఆ పని చేసిన మనిషి ఇవాళ కుడీ ఎడమా మరిచిపోయాడు. భద్రావతి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరవాత ముఖం కడుక్కుని, ఆయన కష్టం వృథా కాకూడదనుకుని, తప్పు దిద్దింది. మల్లుగుడ్డ పలచన కనక రంగు రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ఆ ముక్కను తిరగేసి బొమ్మల గుడ్డ చుట్ట చివర కుట్టేసింది. గోడ మీద మనిషి బుద్ధిగా ఎడమవైపుకి మరో ఐదు అడుగులు వేశాడు.

అది చూసి మార్కండేయులు లేచి, అరచేత్తో గోడను ఒక్క దెబ్బ కొట్టి, బయట అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. తన తప్పు తనకే తెలిసి సిగ్గుపడ్డాడని ఆమె అనుకుంది. పాపం, ఎంత మాట పడనివాడు.

చుట్ట సంచిలో పెట్టుకుని ఆమె బందరు వెళ్ళింది. మాట కలపకుండా ముద్ర వేయమని అడిగితే వేస్తారేమోనన్న ఆశ ఆమెది. మండలి కార్యాలయంలో పరిశీలకురాలు హంసిని అనే అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తురాలు. చుట్టను అర్థవాణికి అందించింది. కాఫీ తెప్పించింది. కాఫీ చల్లారేలోపే ఎదుటి పలక మీద బొమ్మ మొదలైంది, గంభీరమైన గొంతుతో సహా.

"శ్రమజీవులైన దంపతులు. పక్షులు ప్రకృతి ప్రేమకు సూచన. ఉపాధి కోసం భర్త ఊరు విడిచి వెళుతున్నాడు. భార్య అతని సంపాదన కోసం ఎదురుచూస్తోంది. ప్రధాన భావం: కుటుంబ బాధ్యత."

భద్రావతికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. అంతలో నడక వచ్చింది. మనిషి వెలిసిపోలేదు. మొదటి అడుగెంత ముదురు రంగులో ఉందో చివరి అడుగూ అంతే, కొత్తగా రంగులో ముంచి కొట్టినట్టు నిగనిగలాడుతూ నడిచిపోయాడు. కింద ఒక వరస వెలిగింది: ముద్రణ లోపాలు సరిదిద్దబడ్డాయి.

రంగు తగ్గడం యంత్రం దృష్టిలో లోపమని, ఇంత మంచి పనిలో అలాంటివి ఉండకూడదని, ఇప్పుడు బొమ్మ ఎంతో శుభ్రంగా వచ్చిందని, ఆ గొంతుతో సహా ముద్ర ఈ రోజే ఇప్పిస్తానని హంసిని నచ్చజెప్పింది. ఆమె నిజంగానే సంతోషపెడుతున్నాననుకుంది.

"తప్పని దానికెవరు చెప్పారమ్మా?" అంది భద్రావతి. గొంతు పెరిగింది. "చేసినదాన్ని ఎదురుగా కూర్చున్నాను. ఎందుకిలా చేశావని ఒక్క మాట అడగొద్దూ? పని తెలిసిన మనిషి కావాలని చేసిందేమో అని అనుమానమైనా రావద్దూ? చూడటం లేదు, అడగటం లేదు, దిద్దేయడమేనా?"

అని, ఆగిపోయింది. తన మాట తనకే తగిలింది. నలభై ఐదేళ్ళు అచ్చులు చెక్కిన మనిషి. ఒక అచ్చు తిరగబడితే పొరపాటు. ఐదుకి ఐదూ తిరగబడతాయా? అడిగానా? కనీసం చూశానా? గింజ ఆయన ముఖం చూసి అర్థం కాలేదంది, నేను ఆయన పని చూసి తప్పన్నాను. దానికీ నాకూ ఏమిటి తేడా? ఆయన గోడను కొట్టింది సిగ్గుతో కాదు. కోపంతో.

ఆమె లేచి చుట్టను సంచిలో వేసుకుంది. ముద్ర లేకుండా చూపిస్తే షెడ్డుకు సీలు పడుతుందని, తానే వచ్చి వేయవలసి ఉంటుందని హంసిని బాధగానే చెప్పింది.

"రామ్మా. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. ఎండ బాగా పడుతుంది" అంది భద్రావతి.

ఆదివారం నాటికి ఊరంతా తెలిసింది. సీలు పడే తమాషా చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. అద్దకంవాళ్ళు, నేతవాళ్ళు, రంగులవాళ్ళు, అరవైమంది దాకా షెడ్డులో బల్లల మధ్య సర్దుకున్నారు. భద్రావతి గుమ్మంలో ఖాళీ రంగు పెట్టె పట్టుకుని నిలబడి, గింజ తీసి ఇందులో వేస్తేనే లోపలికి అంది. గొణిగారు. చెవి బోసిగా ఉంటే ఒంటి మీద బట్ట లేనట్టుందని ఒక ముసలామె గోలపెట్టింది. పాండురంగం అందరికంటే ఆఖర్న వేశాడు. హంసిని మాత్రం తీయలేదు. విధుల్లో ఉండగా తీయకూడదంది. సీలు సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చుంది.

మార్కండేయులును భద్రావతి ముందువరసలో, అందరికీ ముఖం కనిపించేలా పక్కవాటుగా కూర్చోబెట్టింది. తరవాత చుట్ట చివర విప్పి, ఆయన కళ్ళ ముందే ఆ ముక్క కుట్లు పుటుక్కు పుటుక్కున తెంపింది. ముక్కను తిరగేసింది, ఆయన ఎలా చెక్కాడో అలా వచ్చేలా. మళ్ళీ కుట్టింది. ఆయన ఆ సూదివంకే చూస్తూ ఉన్నాడు. తలుపులు మూసి ఆమె పిడి తిప్పింది.

చిలకలు ఎగిరాయి. అరవైమంది పెద్దవాళ్ళు బొమ్మవైపు చూస్తూ, చెవిలో ఎవరూ ఏమీ చెప్పక, ఏం చెయ్యాలో తెలియక బిగుసుకుని కూర్చున్నారు. చిలక కొప్పు పీకింది. మార్కండేయులు ఫక్కుమన్నాడు. అందరూ ఆయనవైపు తిరిగారు. ఆ నవ్వు చూసి బొమ్మవైపు తిరిగారు. అప్పుడు పాండురంగానికి అందింది. "ఓరి వీడి వాగుడే!" అని అరిచి తొడ చరుచుకున్నాడు. ఇక షెడ్డంతా నవ్వులే. మరుక్షణంనుంచీ జనం ఒక కన్ను గోడ మీద, ఒక కన్ను మార్కండేయులు మీద వేసి చూశారు. రెండేళ్ళుగా ఎవరూ చూడని ముఖాన్ని అరవైమంది ఒకేసారి చదువుకున్నారు.

చిలకలు ఎగిరిపోయాయి. మనిషి నోరు తెరిచాడు. మళ్ళీ తెరిచాడు. ఎవరో ఆడమనిషి వెక్కింది. మనిషి ఎడమవైపుకి తిరిగి నడిచాడు, అడుగడుక్కీ వెలిసిపోతూ. రంగు లేని అచ్చు దెబ్బ ఎలా ఉంటుందో ఆ షెడ్డులో ప్రతివాళ్ళకూ తెలుసు. గోడ మీద దాదాపు ఏమీ మిగల్లేదు. భద్రావతి పిడి ఆపలేదు.

అప్పుడు ఆయన చెక్కిన అడుగులు వచ్చాయి. వెలిసిన మనిషి, చిలకలు లేని మనిషి, ఇటు తిరిగి ఉన్నాడు. ఒకటి, రెండు, మూడు. బల్లవైపు నడుస్తున్నాడు. రంగు తిరిగి రాలేదు. అలాగే, పాలిపోయినవాడు పాలిపోయినట్టే, ఆమె దగ్గరికి వస్తున్నాడు. ఐదో అడుగు దగ్గర గుడ్డ అయిపోయింది.

"దిశాలోపం" అంది హంసిని చెవిలో గింజ. "మనిషి తప్పు దిక్కుకు నడుస్తున్నాడు. సరిదిద్దమంటారా?"

హంసిని గోడను చూసింది. పిడి పట్టుకుని కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయిన భద్రావతిని చూసింది. మెల్లగా చెవిలోంచి గింజ తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

చీకట్లో బల్ల మీద రెండు గుద్దులు వినిపించాయి. ఎవరివో అక్కడ ఒక్కరికి కూడా చెప్పనక్కరలేకపోయింది. భద్రావతి పిడి వదిలేసి అక్కడే చతికిలబడి, నేనే తప్పు చూశానండీ, నేనే తప్పు చూశాను అంటూ ఏడ్చింది. ఆయనకు ఆ మాటలు అందవు. వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

తలుపులు తెరిచారు. సీలు వేయక తప్పదంది హంసిని, తల వంచుకుని. వేసుకోమంది భద్రావతి. "ఎండ మీ మండలిది కాదు, గుడ్డ నాది. వచ్చే ఆదివారం మా అరుగు మీద ఆడిస్తాం. దానికీ వేద్దువుగాని."

జనం బయటికి వచ్చారు గాని ఇళ్ళకు కదల్లేదు. పాండురంగం మార్కండేయులు ఎదుట నిలబడ్డాడు. పెట్టెలోంచి అతను గింజ తీసుకోలేదు. స్నేహితుడి ముఖం, కదిలే సగమూ కదలని సగమూ, చాలాసేపు చూశాడు. తరవాత రెండు చేతులూ ఎత్తి టపటపా లెంపలు వేసుకున్నాడు.

మార్కండేయులు కదల్లేదు. కళ్ళు చిట్లించి అతన్నే చూస్తున్నాడు.

"ఆయన ఏమంటున్నారండీ?" అని హంసిని గుసగుసగా అడిగింది.

"గింజ తీసేశావుగా. చూడు" అంది భద్రావతి.

మార్కండేయులు అతన్ని ఇంకాసేపు అలాగే నిలబెట్టాడు. రెండేళ్ళ కోపం మరి, ఊరికే పోతుందా. తరవాత ముఖంలో సగం నవ్వింది. చుట్టుపక్కల చూశాడు, దగ్గర్లో బల్ల లేదు. పిడికిలి బిగించి పాండురంగం గుండె మీదే రెండు గుద్దులు గుద్దాడు.